వంటింట్లో రికార్డులు

"పెద్ద గుమాస్తాగారు ఎక్కడ?" అని అడిగితే, "వంటింట్లో ఉన్నారండీ" అని జవాబు వచ్చే ఆఫీసును మీరెప్పుడైనా చూశారా? అలాంటి ఆఫీసులో నేను పంతొమ్మిదేళ్ళు పనిచేశాను.

అది వాల్తేరు అప్‌లాండ్స్‌లో ఒక పాత బంగళా. పొయ్యి పొగ హాల్లోకి రాకూడదని దొరలు వంటిల్లు పది గజాల ఎడంగా కట్టించుకున్నారు. మా హయాంలో అది రికార్డు రూము. భోజనాల హాలు అకౌంట్సు సెక్షను. దొరసాని పడకగదిలో మా ఆఫీసరుగారు కూచునేవారు. పంకా లాగే రోజుల నాటి కొక్కేలకు ట్యూబులైట్లు వేలాడేవి. వరండాకు మేము వేసిన ప్లైవుడ్డు అడ్డాల సంగతి ఎత్తకపోవడమే మర్యాద.

వాల్తేరు ఈనాటి పిల్లలకు ఊరి నడిబొడ్డు. ఒకప్పుడు అది విశాఖపట్నానికి శివారు. కోటవీధి దగ్గర ఇరుకూ ఉక్కా భరించలేక కుంపినీవాళ్ళు ఈ ఎర్రమట్టి మెరకల మీదికి వచ్చి పెద్ద పెద్ద దొడ్లలో బంగళాలు కట్టుకున్నారు. 1930లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వచ్చింది. 1933లో రేవు తెరిచారు. 1971 జనవరి 20న ఇందిరాగాంధీగారు ఉక్కు ఫ్యాక్టరీకి శంకుస్థాపన చేశారు. ఆ తరువాత కొద్ది ఏళ్ళకే మా ఆఫీసు ఆ బంగళాలో అద్దెకు దిగింది.

గోడలు రెండడుగుల మందం. అంతా గానుగ సున్నం. ఎద్దు గానుగ తిప్పుతుంటే సున్నమూ ఇసుకా నలిగి నలిగి వెన్నలా అయ్యేదట. అందులో కరక్కాయ నీళ్ళూ, బెల్లపు నీళ్ళూ పోసేవారు. పైన మద్రాసు టెర్రసు. అంటే టేకు వాసాల మీద పల్చటి ఇటుకలను అంచున నిలబెట్టి, ఐమూలగా పేర్చి, ఆ పైన సున్నపు కాంక్రీటు దిమ్మిసా కొట్టడం. మే నెల మిట్టమధ్యాహ్నం కూడా ఆ కప్పు కింద ఫైళ్ళ మీద కునుకు పట్టేది. (ఆ సంగతి మా ఆఫీసరుగారికి తెలుసు, ఆయనకూ పట్టేది.)

ఒక ఏడు వానలకు రికార్డు రూము గోడ అడుగున చెమ్మ ఎక్కింది. మరమ్మతుకు వచ్చిన ముసలి తాపీమేస్త్రి గోడను అరచేత్తో తడిమి, "బాబూ, దీనికి సిమిట్టు ఎయ్యకండి. గోడకి ఊపిరాడదు. సున్నమే ఎయ్యండి, కూసింత ఆలీసం అవుతాది, అంతే" అన్నాడు.

"గోడకు ఊపిరేమిటయ్యా!" అని నేను నవ్వాను. సున్నం గానుగను ఎస్టిమేటులో ఏ పద్దు కింద చూపించను? నోటు నేనే రాశాను. సంతకం పైవాళ్ళది గాని, ముత్యాల్లాంటి దస్తూరీ నాది.

రెండు వానాకాలాలు గడిచాయి. మేస్త్రి చెప్పిన మాటే ఇవాళ ఇంజనీర్లు చెబుతున్నారు. సున్నపు గోడ నేలలోంచి పీల్చిన తడిని గాలికి వదిలేస్తుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. తడి లోపలే ఉండి ఇటుకను తింటుంది. సముద్రపు ఉప్పు గట్టిపడి పూతను బయటికి నెడుతుంది. మా గోడ బొబ్బలెక్కింది. దానికి ఆనించిన కట్టలు బూజు పట్టాయి. వాటిలో ఎవరెవరి సర్వీసు రిజిస్టర్లో ఉన్నాయి. తన సర్వీసు రుజువు చేసుకోలేక ఒక ప్యూను ఏడాదిన్నరపాటు పింఛను కోసం తిరిగాడు. అతని మొహం చూడలేక నేను పెరటి దారిన వెళ్ళిపోయేవాణ్ణి.

ఇంత చెప్పాక కూడా, ఆఫీసులు వచ్చి పాత ఇళ్ళను పాడుచేశాయని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మా బంగళాకు అటూ ఇటూ ఉన్న రెండూ ఖాళీ పడి, కూలి, అపార్టుమెంట్లయ్యాయి. గోడే వెంకట జగ్గారావుగారు 1840లో డాబాగార్డెన్స్‌లోని తన సొంత ఆవరణలో నక్షత్రాలను చూసే వేధశాల పెట్టారు. ఈనాడు అది లేదు. పేటకు పేరు మాత్రం మిగిలింది. బీచిరోడ్డులో డచ్చివారి బంగళా అదృష్టం చేసుకుంది. 1991 అక్టోబరు 8న దాన్ని విశాఖ మ్యూజియంగా తెరిచారు. ఇల్లన్నాక మనుషులు తిరగాలి, గుమాస్తాలైనా సరే. కాకపోతే ఆ గుమాస్తాలు మేస్త్రి మాట వినాలి.

మొన్న పింఛను కాగితం కోసం మా పాత ఆఫీసుకు వెళ్ళాను. 2014 హుద్‌హుద్ తుపానుకు మా ప్లైవుడ్డు అడ్డాలన్నీ ఎగిరిపోయాయిట. గోడలు చెక్కు చెదరలేదు. వాచ్‌మన్‌ను బతిమాలి వంటింట్లోకి వెళ్ళాను. రికార్డులు ఎక్కడికో తరలించారు. గదిలో పాత ఇనప బీరువా ఒక్కటే, పక్కకు జరిపి ఉంది. ఆనాడు నలుగురు కూలీలు కలిసినా కదలక, దాని వెనక భాగానికి సిమెంటు వెయ్యకుండా వదిలేశాం. ఆ మూడడుగుల మేర సున్నపు పూత కోడిగుడ్డు పెంకులా నున్నగా, పొడిగా ఉంది. అరచెయ్యి ఆనించి చూశాను.

"ఏదైనా ఫైలు కావాలా బాబూ?" అన్నాడు వాచ్‌మన్.

వద్దన్నాను.