భ్రూణహత్య: ఒక మాట, రెండు చట్టాలు

గర్భస్రావాన్ని గూర్చి సభలలో చర్చ వచ్చినప్పుడెల్ల మొదట వినిపించు మాట ‘భ్రూణహత్య’. ఆ మాట పలికిన పిదప చర్చించుటకు మిగులునది స్వల్పం. హత్య అన్న తరువాత దానిని సమర్థించు సాహసి ఎవ్వడు? తీర్పు ఆ పదంలోనే ఇమిడియున్నది. తెలుగు పాఠం చెప్పుకొను వానికి ఈ గొడవ ఏల అని పాఠకులు అడుగవచ్చును. చట్టం కట్టబడినది మాటలతోనే. మాట తారుమారైన చోట మనిషికి దక్కవలసినది దక్కకుండ పోవుచున్నది.

ప్రాచీనులు ఈ పదాన్ని మనమనుకొన్నంత సూటిగా వాడలేదు. వాసిష్ఠ ధర్మసూత్రం దృష్టిలో బ్రాహ్మణుని చంపినవాడును, ఆడో మగో తెలియని గర్భాన్ని చంపినవాడును ఇరువురును భ్రూణహంతలే. మనువు గర్భద్రోహం చేసిన స్త్రీకి తర్పణోదకాలు నిషేధించినాడు. ధర్మశాస్త్రం ఇట్లుండగా వైద్యశాస్త్రం వేరొక భాష మాట్లాడినది. నాలుగవ నెల వరకు జారిపోయినదానిని గర్భస్రావమనియు, శరీరం గట్టిపడిన పిదప అయిదారు నెలలలో పడినదానిని గర్భపాతమనియు సుశ్రుతుడు విభజించినాడు. ఆ పేర్లలో నేరం లేదు, నింద లేదు. ఒకే దేశంలో, ఒకే సంస్కృతంలో ఈ రెండు ధోరణులు పక్కపక్కనే సాగినవి. ఒక్క శ్లోకం చదివి ‘ఇదే మన సంప్రదాయ’మని చప్పట్లు కొట్టించుకొను వక్తలకు ఈ సంగతి పట్టినట్లు లేదు.

పందొమ్మిదవ శతాబ్దంలో ఈ మాటకు విచిత్రమైన గతి పట్టినది. 1855లో ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు వితంతు వివాహాన్ని సమర్థించుచు రచనలు ప్రకటించినప్పుడు, బాలవితంతువులను మగ్గబెట్టుటచేతనే భ్రూణహత్యలు జరుగుచున్నవని వాదించినాడు. ఆ మాటతో ఆయన వేలు చూపినది స్త్రీవైపు కాదు, సంఘంవైపు. 1881 డిసెంబరులో రాజమహేంద్రవరంలో వీరేశలింగం పంతులుగారు తొలి వితంతు వివాహం జరిపించుట వెనుకనున్న వేదనయు ఇటువంటిదే. అయితే 1860 నాటి భారత శిక్షాస్మృతి 312వ సెక్షన్ వేలును స్త్రీవైపునకే త్రిప్పినది. ప్రాణరక్షణకు తప్ప గర్భం తీయించుట నేరం; మూడేండ్ల వరకు శిక్ష. గర్భంలో శిశువు కదలిక ఏర్పడిన పిదప అయినచో ఏడేండ్ల వరకు. తన గర్భం తానే పోగొట్టుకొన్న స్త్రీయు నేరస్థురాలే. వితంతువును చెరచిన పెద్దమనిషి ప్రస్తావన ఆ సెక్షన్‌లో ఎక్కడను లేదు.

స్వాతంత్ర్యం వచ్చిన తరువాతను ఈ సెక్షన్ కదలలేదు. అనుభవంలేని చేతులలో తల్లులు మరణించుట చూచి ప్రభుత్వం 1964లో శాంతిలాల్ షా అధ్యక్షతన సంఘం నియమించినది. 1966లో నివేదిక వచ్చినది. దాని ఫలితంగా మెడికల్ టెర్మినేషన్ ఆఫ్ ప్రెగ్నెన్సీ చట్టం 1971లో పుట్టి, 1972 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చినది. 2021 సవరణకు పూర్వం పన్నెండు వారాల వరకు ఒక వైద్యుడు, ఇరువది వారాల వరకు ఇద్దరు సదభిప్రాయంతో సమ్మతించినచో గర్భవిచ్ఛిత్తి నేరం కాకుండెను. ఇది హక్కు నిచ్చిన చట్టం కాదు, శిక్ష నుండి మినహాయించిన చట్టం. కోరిక స్త్రీది, నిర్ణయం వైద్యునిది.

ఇక రెండవ చట్టం. గర్భంలోనున్నది ఆడపిల్ల అని తెలిసికొని తీయించు దురాచారాన్ని అరికట్టుటకు 1994లో లింగనిర్ధారణ నిషేధ చట్టం చేయబడినది. అది నిషేధించునది శిశువు ఆడో మగో కనిపెట్టి చెప్పుటను. గర్భవిచ్ఛిత్తి దాని విషయం కాదు. కాని ప్రచారకులు ఈ దురాచారానికి ‘భ్రూణహత్య’ అని పేరు పెట్టినారు. ఉద్దేశం మంచిది, పదం చెడ్డది. ‘ఆడశిశువు’ అను విశేషణం క్రమంగా జారిపోయి ‘భ్రూణహత్య మహాపాపం, నేరం’ అను నినాదం మాత్రం గోడలమీద మిగిలినది. పాఠశాలల వ్యాసరచన పోటీలలో పిల్లలు అదే వ్రాయుచున్నారు, మనం అదే దిద్ది మార్కులు వేయుచున్నాం. ఆ బాలికలు పెరిగి పెద్దవారై ఆపదలో చిక్కుకొన్నప్పుడు ప్రభుత్వ వైద్యశాలకు పోవుట నేరమనుకొని, అర్హతలేని వాని గడప తొక్కినచో ఆ తప్పు ఎవరిది?

అమెరికాలో ఈ వివాదం చరిత్రమీదనే నడచినది. 1973లో రో కేసులో అక్కడి సుప్రీంకోర్టు గ్రీకుల నాటినుండి చరిత్ర తవ్వి రాజ్యాంగంలో హక్కున్నదన్నది. 2022 జూన్ 24న డాబ్స్ కేసులో అదే కోర్టు మరల చరిత్రనే తవ్వి, ఆ హక్కుకు దేశ చరిత్రలో వేళ్లు లేవన్నది. వోటు లేని స్త్రీల కాలంలో పురుషులు చేసిన శాసనాలను సాక్ష్యంగా తెచ్చినప్పుడు ఆ సాక్ష్యం ఏపాటిదో చరిత్ర విద్యార్థులే చెప్పవలెను.

మన దేశం ఆ త్రోవ పట్టకపోవుట మేలే. 2021 సవరణలో రెండు మాటలు మారినవి. గర్భనిరోధక సాధనం విఫలమైన సందర్భంలో పూర్వం ‘వివాహిత లేదా ఆమె భర్త’ అని ఉండగా, ఇప్పుడు ‘స్త్రీ లేదా ఆమె భాగస్వామి’ అని ఉన్నది. బలాత్కారానికి గురియైనవారు, మైనరు బాలికలు మొదలైన కొన్ని వర్గాలకు గడువు ఇరువదినాలుగు వారాలకు పెరిగినది. ఆ వర్గాలలో అవివాహిత లేదని ఢిల్లీ హైకోర్టు ఒక యువతికి అనుమతి నిరాకరింపగా, 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు వివాహితకును అవివాహితకును భేదం చూపరాదని తీర్పు చెప్పినది. మరుసటి సంవత్సరం అక్టోబరులో ఇరువదియారు వారాలు దాటిన ఒక తల్లికి అదే కోర్టు అనుమతి నిరాకరించినది. ఆమెకు అప్పటికే ఇద్దరు బిడ్డలు. ప్రాణాపాయం లేదు, శిశువులో లోపం లేదు గనుక చట్టం ఒప్పదన్నది. చట్టం వ్రాసినంత మేరకు ఆ తీర్పు సరియైనదే. ఆ గడువే సరియైనదా అన్నది పార్లమెంటు చర్చింపవలసిన ప్రశ్న.

శిక్షాస్మృతి స్థానంలో 2024 జూలై 1న భారతీయ న్యాయ సంహిత వచ్చినది. 312వ సెక్షన్ అందులో 88వ సెక్షన్‌గా దాదాపు యథాతథంగా కొనసాగుచున్నది. పదునెనిమిదేండ్లు నిండిన స్త్రీకి గర్భవిచ్ఛిత్తి విషయంలో ఆమె సమ్మతి యొక్కటియే చాలునని, భర్త సంతకం గాని తండ్రి సంతకం గాని చట్టం అడుగుట లేదని డిగ్రీ తరగతి విద్యార్థినులలో ఎందరికి తెలియును?