రచన నేర్పవచ్చునా? ఏ భాషలో?

జూబ్లీ హిల్స్ నుండి ఫిల్మ్‌నగర్‌కు దిగే దారిలో ఒక పుస్తకాల దుకాణం ఉన్నది. పేరు చెప్పను, నేను వ్రాయబోయేది ఆ ఒక్క దుకాణం సంగతే కాదు గనుక. దాని అద్దాల తలుపు మీద ఏడాదికి నాలుగైదు పర్యాయాలు ఒక ప్రకటన అంటిస్తారు. సృజనాత్మక రచనలో శిక్షణ. ఉదయం పూట ఎనిమిది మొదలు పన్నెండేళ్ళ పిల్లలకు, మధ్యాహ్నం పెద్దలకు. రెండు వారాల పాటు శని, ఆదివారాలు. టీ, బిస్కట్లు ఉచితం. రుసుము మాత్రం నాబోటి పింఛనుదారు కళ్ళద్దాలు తుడుచుకొని మరొకమారు చదువుకోవలసినంత.

నాతో భాషాప్రవీణ చదివిన మిత్రుడొకడు ఈ సంగతి విని నవ్వినాడు. "కవి పుడతాడు గాని, నాలుగు రోజుల్లో తయారవుతాడటోయ్?" అన్నాడు. మన పండితులలో చాలామంది అభిప్రాయం ఇదే. నేను అంగీకరించను. మన ఆలంకారికులూ అంగీకరించలేదు. కావ్యప్రకాశంలో మమ్మటుడు శక్తి, నిపుణత, అభ్యాసం అనే మూడింటిని చెప్పి, వాటిని మూడు హేతువులు అనలేదు. మూడూ కలిసి ఒకే హేతువన్నాడు. శక్తి పుట్టుకతో రావలసినదే కావచ్చు. తక్కిన రెండూ నేర్చుకొంటే వచ్చేవే గదా!

ఆ శతాబ్దంలోనే, ఆ కాశ్మీరంలోనే క్షేమేంద్రుడు కవికంఠాభరణం వ్రాసినాడు. అది అచ్చంగా రచన నేర్పే పుస్తకం. శిష్యులను మూడు తెగలుగా విడదీసినాడు: కొద్ది ప్రయత్నంతో సాధ్యమయ్యేవారు, కష్టం మీద సాధ్యమయ్యేవారు, అసాధ్యులు. మొదట్లో అర్థంతో పనిలేని పదాలతోనైనా సరే ఛందస్సును నింపి చెవిని అలవాటు చేసుకొమ్మన్నాడు. పాత పద్యంలో మాటలు మార్చి చూడమన్నాడు. నాటకాలు చూడమన్నాడు, లోకాచారం తెలుసుకొమ్మన్నాడు. అసాధ్యుల పట్టికలో వ్యాకరణంతో చెడిపోయినవాణ్ణి కూడా చేర్చినాడు. ఈ ముక్క నా మిత్రుడికి చెప్పలేదు. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయం రచయితల శిక్షణశాలను 1936లో నెలకొల్పినది. అంటే క్షేమేంద్రునికి దాదాపు తొమ్మిది శతాబ్దాల తరువాత.

కనుక నా అభ్యంతరం శిక్షణ మీద కాదు, అది జరిగే భాష మీద.

ఆ దుకాణంలో రెండు పూటలా శిక్షణ ఇంగ్లీషులోనే జరుగుతున్నది. తెలుగు పుస్తకాలకు అక్కడ ఒక అలమర కేటాయించినారు, అదీ మెట్ల క్రింద. ఈ పేట ఏమిటో ఒక్కసారి తలచుకోండి. 1976లో అన్నపూర్ణ స్టూడియోస్ వెలసిన నాటికి ఇక్కడ రాళ్ళగుట్టలే ఎక్కువ. మదరాసు నుండి పరిశ్రమ క్రమంగా తరలివచ్చి, ఈ గుట్టల మీద బంగళాలూ, డబ్బింగు గదులూ, ఎడిటింగు గదులూ కట్టుకొన్నది. ఇంతటి వ్యాపారానికి ముడిసరుకు తెలుగు మాట. ఆ సరుకును పండించే పొలం మాత్రం ఈ చుట్టుపక్కల ఎక్కడా లేదు. తమ తెలుగు సంభాషణలను ఇంగ్లీషు లిపిలో వ్రాయించుకొని చదివే నటీనటులున్నారన్నది ఈ పేటలో అందరెరిగిన సంగతే.

పిల్లలకు పాఠం చెప్పే అమ్మాయి మంచి శిక్షకురాలు. ఒక్క పిల్లవాణ్ణి కూడా చిన్నబుచ్చదు. వ్రాసినదానిని పైకి చదివిస్తుంది. ఇది చాలామంది బడిపంతుళ్ళు చేయని పని. అయితే ఆమె ఇచ్చే బొమ్మకార్డుల మీద కోట ఉంటుంది, మంచు కురుస్తుంటుంది, నిప్పులు కక్కే రెక్కల పాము ఉంటుంది. మంచు ఎరుగని పిల్లలు మంచును గురించి, తాము చదివిన పుస్తకాలలోని మంచునే తిరిగి వ్రాస్తున్నారు. దీనికి ఊహ అని పేరు.

నేను తరచుగా అక్కడ పుస్తకాలు తిరగేస్తూ ఉండటం చూసి, ఒకనాడు ఆమె, "సార్, పిల్లలతో ఒక గంట మాట్లాడతారా?" అని అడిగినది. వారికి అవధానం గురించి చెప్పి, సమస్య అంటే ఏమిటో వివరించినాను. పొసగని మాట ఒకటి చివర నిలబెట్టి, ఆ మాట పొసిగేలా ముందు కథంతా కల్పించమని పృచ్ఛకుడు అడగడమే సమస్య. పద్యం జోలికి పోలేదు. వాక్యంగానే ఇచ్చినాను: "చెరువు మెట్లెక్కి మా ఇంటికి వచ్చింది." తెలుగులో చెప్పాలి, ఇంగ్లీషు మాటలు దొర్లినా ఫరవాలేదన్నాను.

కొంతసేపు ఎవరూ పలుకలేదు. తరువాత పదేళ్ళు దాటిన ఒక అమ్మాయి చేయెత్తినది. 2020 అక్టోబరు వానలప్పుడు వారు టోలీచౌకిలో ఉండేవారట. "వాటర్ మా స్టెప్స్ పైకి వచ్చింది తాతగారూ. ఫస్ట్ ఒక మెట్టు, తర్వాత ఇంకొక మెట్టు. నాన్న లెక్కపెడుతున్నారు," అన్నది. ఆ తండ్రి మెట్లు లెక్కపెట్టడం చూడండి. ఏ బొమ్మకార్డు ఇస్తుంది దానిని? వెనుక వరుసలో, దుకాణం ఊడ్చి తుడిచే ఆమె కొడుకు కూర్చొని ఉన్నాడు. పాలమూరు వైపువారు, ఫిల్మ్‌నగర్ బస్తీలో ఉంటారు. ఆదివారం గనుక తల్లి వెంట వచ్చినాడు, రుసుము కట్టినవాడు కాదు. "మా తాన నీళ్ళ ట్యాంకర్ మీదికి ఎక్కదు సార్. కిందనే నిలబడ్తది. మా అమ్మ బిందెలతోటి మెట్లెక్కి తెస్తది. డ్రమ్ము నిండినాంక చెరువే సార్ అది," అన్నాడు. ఆ గదిలో అంతకన్న మంచి పూరణ రాలేదు. నేను సిద్ధం చేసుకొని వెళ్ళిన పూరణ కూడా దానిముందు తేలిపోయినది.

ఆ ఇద్దరు పిల్లలకూ చెప్పవలసినది ఉన్నది. ఒకరికి మాటలు తడబడుతున్నవి, రెండవవాడికి మాట ఉన్నది గాని బల్ల దగ్గర చోటు లేదు. మరి వీరికి బడి ఏమి చేస్తున్నది?

బడి చేయవలసినదంతా కాగితం మీద ఉన్నది. మన తెలుగు వాచకాలలో ప్రతి పాఠం చివర 'వ్యక్తీకరణ – సృజనాత్మకత' అనే భాగం ఉంటుంది. సంభాషణ వ్రాయండి, కరపత్రం తయారు చేయండి, పాత్ర స్థానంలో ఉండి లేఖ వ్రాయండి అని అడుగుతారు. ఇంత మంచి ఆలోచన మా చిన్ననాటి వాచకాలలో లేదని ఒప్పుకోవలసినదే. 2015 నుండి పదవ తరగతి పరీక్షలోనూ దీనికి మార్కులున్నవి. జరుగుతున్నదేమిటి? బజారులో గైడ్లు వచ్చినవి. సృజనాత్మక ప్రశ్నకు సమాధానం గైడులో అచ్చయి ఉంటుంది. నేను దిద్దిన జవాబుపత్రాలలో ముప్పది మంది పిల్లలు తమ స్నేహితునికి ఒకే లేఖ, ఒకే కామాలతో వ్రాసినారు. స్నేహితుని పేరు కూడా ఒకటే! తప్పు పిల్లలది కాదు. సొంతంగా వ్రాసి రెండు అక్షరదోషాలు చేసినవాడికి రెండు మార్కులు పోయి, గైడు అప్పజెప్పినవాడికి పూర్తి మార్కులు వచ్చే చోట తెలివిగల పిల్లవాడు ఏ దారి పడతాడు?

ఇక ఇంగ్లీషు బడులు. తెలంగాణలో 2018 నాటి చట్టం అన్ని బోర్డుల బడులలోనూ తెలుగు చెప్పి తీరాలన్నది. 2025లో ప్రభుత్వం సి.బి.ఎస్.ఇ. వంటి బోర్డుల తొమ్మిది, పది తరగతుల పిల్లలకు 'వెన్నెల' అనే సరళమైన వాచకం పెట్టాలని నిర్ణయించినది. దీనిని మా వాళ్ళు కొందరు భాషాద్రోహమన్నారు. నాకు అట్లా తోచలేదు. సరళమైనదైనా సరే, పిల్లవాడు దానితో తనదైన ఒక వాక్యం వ్రాయగలిగితే చాలును. ఆ ఒక్క వాక్యం వ్రాయించే చోటు బడిలో లేదు గనుకనే ఇటువంటి దుకాణాల మీద నాకు ఇంత ఆశ.

పెద్దల శిక్షణ గురించి క్లుప్తంగా చెబుతాను. అక్కడికి వచ్చేవారిలో సగం మంది కృష్ణానగర్ గదులలో నలుగురైదుగురు కలిసి ఉంటూ, సినిమా రచయితలు కావాలని వచ్చిన యువకులు. ఆ రుసుము వారు ఎట్లా కడుతున్నారో వారికే తెలియాలి. వారికి అంకాల విభజనా, కథానాయకుని లక్ష్యమూ, మలుపులూ ఇంగ్లీషు సినిమాల ఉదాహరణలతో చెబుతారు. చెప్పనివ్వండి, ఆ విద్య కూడా అవసరమే. కాని పింగళి నాగేంద్రరావుగారు 1957లో మాయాబజార్‌కు మాటలు వ్రాసే నాటికి, ఆయన వెనుక బందరు నాటకరంగంలో ఏళ్ళ తరబడి ప్రేక్షకుల చప్పట్లూ ఈలలూ విన్న చెవి ఉన్నది. వీరికి ఆ చెవిని ఎవరు ఇస్తారు? తెలుగు అధ్యాపకులుగా పనిచేసి సినిమాకు వచ్చిన పరుచూరి గోపాలకృష్ణగారు యూట్యూబులో పాఠాలు ఉచితంగానే చెప్పినారు. కథ వ్రాయడం గురించి కాళీపట్నం రామారావు మాస్టారి 'కథాకథనం' ఉన్నది. 1999లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన వల్లంపాటి వెంకటసుబ్బయ్యగారి 'కథాశిల్పం' ఉన్నది. ఈ రెండు పుస్తకాలూ ఆ దుకాణంలో లేవు. అడిగితే తెప్పిస్తామన్నారు.

పల్లెలో జరగగా నగరంలో జరగదా అనడానికి ఒక ఉదాహరణ. అనంతపురం సీమలోని చెన్నేకొత్తపల్లి నుండి 2008లో 'కొత్తపల్లి' అనే పిల్లల పత్రిక మొదలైనది. అందులో పెద్దలు పిల్లల కోసం వ్రాసినవే కాక, పిల్లలు తామే వ్రాసిన కథలు, ఇంట్లో అవ్వలూ తాతలూ చెప్పగా విని వ్రాసిన కథలు వచ్చినవి. ఆ పిల్లలెవరూ బొమ్మకార్డులకు రుసుము కట్టినవారు కారు.

దుకాణం యజమానితో మాట్లాడినాను. ఆయన సజ్జనుడు, అద్దె భారమూ ఆయనకున్నది. నేను అడిగినవి పెద్ద కోరికలు కావు. ఇంగ్లీషు తరగతి యథాప్రకారం జరగనివ్వండి. ప్రక్కన ఒక బల్ల తెలుగుకు ఇవ్వండి. అందులో సగం చోట్లు దగ్గరి ప్రభుత్వ పాఠశాల పిల్లలకు ఉచితంగా విడిచిపెట్టండి. మొదటి గంట ఎవరూ కలం పట్టకూడదు, ఒకరు పైకి చదవాలి, తక్కినవారు వినాలి. ఆఖరి రోజున తల్లిదండ్రుల వద్ద సొమ్ము పోగుచేసి పిల్లల రచనల సంకలనం అచ్చు వేసే ఆచారం ఒకటున్నది, దానిని మానివేయండి. నాలుగు రోజుల వయసున్న రచయితకు పుస్తకావిష్కరణ దేనికి?

సంకలనం సంగతి ఆయనకు రుచించలేదు. తల్లిదండ్రులు అడుగుతారన్నారు. తక్కినదానికి, "తెలుగంటే ఎవరు వస్తారు మాస్టారూ?" అన్నారు. చివరకు, పన్నెండు మంది పిల్లలు పోగైతే ఆదివారం ఉదయం వెనుక గది ఇస్తానన్నారు. పాఠం నేను చెబుతాను, నాకు జీతమేమీ అక్కరలేదు.

ఇప్పటికి ఏడుగురు కుదిరినారు. టోలీచౌకి అమ్మాయి ఉన్నది, పాలమూరు పిల్లవాడు ఉన్నాడు, వాడి చెల్లెలు కూడా వస్తానన్నది. ఆమెకు ఏడేళ్ళే, చూచీ చూడనట్లు చేర్చుకొన్నాను. ఇంకా అయిదుగురు కావాలి.