‘సాధారణంగా’ అన్న మాట వదిలేస్తే ఎలా?

అయిదేళ్లు నిండేదాకా బిడ్డ తల్లి దగ్గరే ఉండాలన్నది తిరుగులేని నియమమని గత సంచికలోని వ్యాసం చెప్పింది. అది సగమే నిజం. హిందువులకు వర్తించే 1956 నాటి మైనారిటీ, సంరక్షకత్వ చట్టం 6వ సెక్షన్‌లో ‘సాధారణంగా’ అన్న మాట ఉంది. దాన్ని వదిలేస్తే అర్థమే మారిపోతుంది. అదే చట్టం 13వ సెక్షన్ ప్రకారం బిడ్డ క్షేమానిదే అగ్రస్థానం, తల్లిదండ్రుల పట్టుదలలు దాని తర్వాతే. ఊహ తెలిసిన పిల్లల ఇష్టాన్నీ కోర్టు పరిగణించవచ్చు. విడాకుల డిక్రీతో కస్టడీ శాశ్వతంగా తేలిపోదు. పరిస్థితులు మారితే, హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్ కింద ఆ ఉత్తర్వును మార్చమని తర్వాత కూడా అడగవచ్చు. కోర్టు మెట్లెక్కే ఎందరో తల్లులకు, తండ్రులకు ఈ సంగతి తెలియకపోవడం బాధాకరం. కస్టడీ దక్కనివారు బిడ్డను కలుసుకునే ఏర్పాటు కోరవచ్చు. ఈ సవరణను ప్రచురించాలని మనవి.