సంశయము పాపమా?

మూడవ నిజాము సికందర్ జా పేర 1806వ సంవత్సరమున వెలసిన దండు పట్టణము సికింద్రాబాదు. ఇచ్చట సెంట్ జాన్స్ దేవాలయము 1813 నుండి నిలిచియున్నది. సెంట్ మేరీస్ దేవాలయమునకు 2008లో రోము పీఠము బసిలికా గౌరవము నొసగినది. ఆదివారమునాడు గంటలు మ్రోగును. ప్రసంగములకు కొదువ లేదు, పాటలకు కొదువ లేదు. ప్రశ్నకు మాత్రము చోటు లేదు.

ఒక యువకుడు సంఘపెద్ద కడకేగి, "అయ్యా, మా తల్లికై యేడాది ప్రార్థించితిమి, ఆమె బ్రతుకలేదు. దేవుడు వినెనని నేనెట్లు నమ్ముదును?" అని యడిగెననుకొందము. అతనికి తరచుగా దొరకు సమాధానమేమి? "ఇది సాతాను శోధన, ఉపవాసముండుము" అని. మరునాటినుండి ఆతని పేరు గుసగుసలకెక్కును. ఆతని చెల్లెలి పెండ్లి సంబంధము సైతము సందేహమున పడును. ఇక నాతడు నోరు మూసికొని యథాప్రకారము బల్లమీద కూర్చుండును. పెద్దలు విశ్వాసము గెలిచినదని సంతసింతురు. గెలిచినది విశ్వాసము కాదు, భయము.

అపొస్తలుడైన తోమా కథ యెరుగని క్రైస్తవుడు లేడు. గాయములు కన్నులార చూచి, చేతితో తాకినగాని నమ్మనని యాతడు పట్టుపట్టెను. క్రీస్తు వానిని వెలివేయలేదు. తన గాయములనే చూపెను. ఆ తోమాయే మన దేశమునకు వచ్చి మైలాపూరున కన్నుమూసెనని సంప్రదాయము చెప్పుచున్నది. ఆయన సమాధియని నమ్మెడు స్థలమునకు నేటికిని యాత్రికులు పోవుచున్నారు. సంశయించినవాని సమాధికడ మోకరించి, సంశయించు సజీవుని సంఘమునుండి తరుముట యేమి న్యాయము?

"ప్రశ్నలకు చోటిచ్చినచో మంద చెదరును" అని పెద్దలు వాదింతురు. సంఘముల చరిత్రయే ఈ వాదమును ఖండించుచున్నది. తమ శాఖయే సంపూర్ణమను నమ్మకమును శంకించినవారు 1919లో తరంగంబాడిలో కూడి ఐక్యతను గూర్చి చర్చ నారంభించిరి. ఆ చర్చ 28 సంవత్సరములు సాగి, 1947 సెప్టెంబరు 27న మదరాసులో దక్షిణ ఇండియా సంఘముగా ఫలించెను. మంద చెదరలేదు, పెరిగెను. స్త్రీ బిషప్పు కారాదను నియమమును గూడ ఆ సంఘము శంకించి విడిచిపెట్టెను. 2013లో నంద్యాల బిషప్పుగా ఇ. పుష్పలలితగారు అభిషిక్తులైరి. సంఘము తన మనస్సు మార్చుకొనవచ్చునట, సంఘములోని మనుష్యుడు మాత్రము మార్చుకొనరాదట!

మార్పనగా ఒక్కనాటి బాప్తిస్మము కాదు. 1876-78 కరవు కాలమున ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగుహాము కాలువ పనిలో బీదలకు కూలి చూపెను. అన్నముకొరకు మతము పుచ్చుకొందురేమోయని శంకించి బాప్తిస్మముల నాపివేసెను. పిమ్మట 1878 జూలై 3న ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ శంక విశ్వాసమునకు శత్రువా, కావలియా? నేడు ఆ విధముగా తన్ను తాను శంకించుకొను బోధకులెందరు? నీట మునిగి లేచుట గడియ పని. కులమును విడుచుట జీవితకాలపు పని. మాల సంఘమని, మాదిగ సంఘమని నేటికిని వినవచ్చుచున్నదన్నచో, ప్రశ్నింపదగినది యువకుని విశ్వాసము కాదు, పెద్దల మార్పు.

ఈ మాటలు విని క్రైస్తవేతరులు చప్పట్లు చరువనక్కరలేదు. మన రాజ్యాంగము 25వ అధికరణమున అంతఃకరణ స్వాతంత్ర్యము నొసగెను. అదే 1950లో వెలువడిన రాష్ట్రపతి యుత్తరువు షెడ్యూల్డు కులముల హక్కును హిందువులకు పరిమితము చేసెను. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ నిబంధన సడలింపబడెను; క్రైస్తవులకు సడలలేదు. తత్ఫలముగా కాగితముమీద నొక మతము, గుండెలో నొక మతము దాల్చి బ్రతుకువారు కలరు. నిజము చెప్పినచో బిడ్డ చదువు పోవునని భయపడు తండ్రికి విశ్వాసమును ప్రకటించు స్వేచ్ఛయు లేదు, సంశయమును ప్రకటించు స్వేచ్ఛయు లేదు. మతము మార్చుకొన్నవానిని అమ్ముడుపోయినవాడని దూషించు ఇరుగుపొరుగువారు, మనస్సు మారినవానిని భ్రష్టుడని దూషించు సంఘపెద్దకు సోదరులే.

సంఘపెద్దలారా! ఆరాధన ముగిసిన పిమ్మట వారమున కొక్క గంట ప్రశ్నలకు విడువుడు. అడిగినవాని పేరు ప్రసంగపీఠమునకెక్కింపకుడు. సమాధానము తెలియనప్పుడు తెలియదని చెప్పుడు. విడిచిపోయినవాని చెల్లెలి పెండ్లికి అడ్డు రాకుడు. వానికి సమాధులతోటలో ఆరడుగుల నేల నిరాకరింపకుడు. పోవుటకు ద్వారము తెరచియున్న ఇంట నిలిచినవాడే ప్రేమతో నిలిచినవాడు. తక్కినవారు బందీలు. బందీలను లెక్కించి విశ్వాసులని పట్టిక వ్రాసికొనుట యెవరిని వంచించుటకు?