ముందు ఇల్లు చేరాలి, ఆ తర్వాతే పని

మీ ఇంట్లో కంప్యూటర్ ప్రింటర్ ఉంటే ఈసారి స్విచ్ వేసినప్పుడు కాస్త గమనించండి. కాగితం పెట్టకముందే లోపలున్న ఇంకు డబ్బా అటూ ఇటూ పరుగెడుతుంది. ఓ మూలకు పోయి, అప్పుడు గానీ కుదురుగా నిలబడదు. ఎందుకా హడావుడి? కరెంటు తీసేసినప్పుడు తాను ఎక్కడ ఆగిపోయిందో దానికి గుర్తుండదు. అందుకే ముందు మూల వెతుక్కుంటుంది. మూల దొరికాక ఇక అన్ని కొలతలూ అక్కణ్నించే. పెద్ద మిషన్లు కూడా పొద్దున్నే చేసే మొదటి పని ఇదే. దాన్ని హోమింగ్ అంటారు.

మా బౌద్ధనగర్‌లో ఓ ఇంటి కింది భాగంలో వడ్రంగి దుకాణం ఉంది. తండ్రిది ఉలి పట్టిన చెయ్యి. కొడుకు మాత్రం అప్పు చేసి సీఎన్‌సీ రూటర్ కొన్నాడు, సెకండ్ హ్యాండ్‌ది. కంప్యూటర్‌లో బొమ్మ ఎక్కిస్తే, పైనున్న దూలం లాంటి భాగం ముందుకూ వెనక్కూ కదులుతూ, గిర్రున తిరిగే కట్టర్‌తో చెక్క మీద ఆ బొమ్మను చెక్కుతుంది. పూజగది తలుపులకు ఇప్పుడు గిరాకీ అంతా దీనిదే. నేను ఒకప్పుడు ఫ్యాక్టరీ మెయింటెనెన్స్‌లో చేశానని వీధిలో అందరికీ తెలుసు. ఓ సాయంత్రం ఆ కుర్రాడు వచ్చి, "సార్, మిషన్ ఆగమైంది. ఒక్కసారి వచ్చి సూస్తరా?" అన్నాడు.

వెళ్లేసరికి గోడకు ఆనించిన టేకు తలుపు కనిపించింది. లక్ష్మీదేవి నడుము దాకా చక్కగా ఉంది. అక్కణ్నించి పద్మం బొటనవేలంత పక్కకు జరిగిపోయింది. వారంలో గృహప్రవేశమట.

జరిగింది ఇదీ. కొన్నాళ్లుగా పని మధ్యలో మిషన్ ఉన్నట్టుండి ఆగి, తెర మీద 'లిమిట్' అని అలారం చూపిస్తోంది. దూలం చివరిదాకా పోకుండా ఆపడానికి కొసల్లో చిన్న స్విచ్‌లుంటాయి. వాటిని తాకకుండానే తాకినట్టు చెబుతోందన్నమాట. ఓ మెకానిక్ వచ్చి, పది నిమిషాల్లో ఒక వైరు పీకేసి, "ఇక రాదు" అని డబ్బులు తీసుకుని వెళ్లాడు. నిజంగానే రాలేదు.

రెండ్రోజుల తర్వాత పొద్దున మిషన్ ఆన్ చేసి హోమ్ బటన్ నొక్కారు. దూలం స్విచ్‌ను వెతుక్కుంటూ బయల్దేరింది. వైరే లేదు కదా, స్విచ్ తగిలినా తెలియదు. చివరి ఇనుప దిమ్మెకు కొట్టుకుని, మోటారు గుర్రుమంటూ ఇంకా తోస్తూనే ఉంది. ఆ కొసనే పొట్టు ఊడుస్తున్న పనికుర్రాడు చెయ్యి లాక్కున్నాడు గానీ, గడియారం పట్టీ తెగిపోయింది. ఆ భయంతో హోమింగే మానేశారు. కంటి అంచనాతో మొదలు పెట్టే చోటు చూపించి, తలుపు ఎక్కించారు. సగంలో కరెంటు పోయింది. హోమింగ్ చేసి ఉంటే, కరెంటు వచ్చాక మళ్లీ మూల తాకి, అదే గీత మీదికి వచ్చేది. కంటి అంచనా రెండోసారి ఎక్కడ కుదురుతుంది?

"అలారం బందైంది గని, దానికి బుద్ధి గూడ బందైంది" అన్నాడు తండ్రి. ఆయన మిషన్ పుస్తకం చదివినవాడు కాదు. అయినా అసలు సంగతి అదే.

ఈ ఊరికి ఇలాంటి విద్య కొత్తేమీ కాదు. 1943లో పుట్టిన ప్రాగా టూల్స్ మాకు దగ్గర్లోని కవాడిగూడలోనే ఉండేది. బాలానగర్‌లో టూల్ డిజైన్ సంస్థ 1968లో వచ్చింది. అంకెలు చెబితే లోహాన్ని కోసే మిషన్‌ను అమెరికాలోని ఎంఐటీ 1952లోనే చూపించింది. అప్పట్లో గదినిండా సరిపోయిన సరంజామా ఇప్పుడు గల్లీలోని వడ్రంగి బల్ల మీదికి వచ్చింది. రిపేరు నేర్పేవాళ్లే అంత వేగంగా గల్లీలోకి రాలేదు.

పీకిన వైరు మళ్లీ కలిపాను. కట్టర్ మోటారు ఆపేసి, స్విచ్ మీటను వేలితో నొక్కుతూ తెర చూశాను. పదిసార్లు నొక్కితే పదిసార్లూ సరిగ్గానే చూపించింది. అంటే స్విచ్ బాగానే ఉంది. ఇప్పుడు మోటారు ఆన్ చేశాను. ఎవరూ ముట్టుకోకుండానే తెర మీద గుర్తు మినుకు మినుకుమంటోంది! వంటింట్లో మిక్సీ వేస్తే రేడియో గరగరలాడుతుంది చూడండి, అదే కథ. మోటారుకు కరెంటు తీసుకెళ్లే లావు వైరూ, స్విచ్ నుంచి వచ్చే సన్న వైరూ ఒకే ప్లాస్టిక్ గొలుసులో రెండు మీటర్లు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ వస్తున్నాయి. మోటారు రొదను స్విచ్ మాటగా కంట్రోలర్ నమ్మేస్తోంది.

మర్నాడు కోఠి గుజరాతీ గల్లీ నుంచి పైన జాలీ అల్లిక ఉండే షీల్డ్ వైరు తెప్పించాం. దాన్ని వేరే దారిలో తీసుకెళ్లి, జాలీని కంట్రోలర్ వైపు మాత్రమే ఎర్త్ చేశాం. మీట వెనక టేకు పొట్టు గట్టిగా దట్టించుకుని ఉంటే బ్రష్‌తో దులిపాం. స్విచ్‌ను పట్టుకునే స్క్రూ వదులైంది. అదీ బిగించాం. అది కదిలితే ఇల్లే కదిలినట్టు.

అన్నిటికన్నా ముఖ్యమైన మార్పుకు ఖర్చు లేదు. ఆ స్విచ్‌కు మూడు కాళ్లుంటాయి. ఒకటి ఉమ్మడిది. మిగతా రెండింటిలో ఒకదానికి కలిపితే, నొక్కినప్పుడే కరెంటు పారుతుంది. ఇంకోదానికి కలిపితే ఎప్పుడూ పారుతూ, నొక్కినప్పుడు ఆగుతుంది. వీళ్ల మిషన్ మొదటి పద్ధతిలో ఉంది. అందుకే వైరు పీకినా, ఎలుక కొరికినా మిషన్‌కు అంతా క్షేమమే. రెండో పద్ధతిలో వైరు తెగిన క్షణమే అలారం మోగుతుంది. వైరును పక్క కాలికి మార్చి, కంట్రోలర్‌లో ఆ సెట్టింగ్ కూడా మార్చాం. మీ అపార్ట్‌మెంట్ లిఫ్టులో తలుపు స్విచ్‌లు పనిచేసేదీ ఇలాగే. వైరు తెగితే లిఫ్టు కదలదు. లిఫ్టు కదలట్లేదని ఆ స్విచ్‌కు అడ్డదారి వైరు వేయించేవాళ్లను నేను చూశాను. దయచేసి ఆ పని మాత్రం ఒప్పుకోకండి.

నాచారం, చర్లపల్లి షెడ్లలోని పెద్ద మిషన్ల వాళ్లకు ఇంకో చిక్కు ఉంటుంది. చాలావాటిలో స్విచ్ చెప్పేది సుమారు చోటు మాత్రమే. ఆ తర్వాత మోటారు చుట్టుకొకసారి వచ్చే గుర్తు దగ్గర అసలు సున్నా పడుతుంది. స్విచ్ తగిలే చోటు ఆ గుర్తుకు మరీ దగ్గరైతే, ఒకరోజు ఈ గుర్తు, ఇంకోరోజు పక్క గుర్తు పట్టుకుంటుంది. మోటారు ఒక చుట్టుకు మిషన్ 10 మిల్లీమీటర్లు జరిగేదైతే, తప్పు కూడా కచ్చితంగా పదే వస్తుంది. అలా లెక్కగా తప్పు వచ్చిందంటే ప్రోగ్రాంను తిట్టకుండా, స్విచ్‌ను తాకే దిమ్మెను అర చుట్టంత దూరం జరిపి చూడాలి.

మా వీధి మిషన్‌కు మొదటి హోమింగ్ నేనే చేయించాను. దూలాన్ని బల్ల నడిమధ్యకు తెచ్చి, ఒక చెయ్యి ఎర్ర ఎమర్జెన్సీ బటన్ మీద పెట్టుకుని, హోమ్ నొక్కి, దారిలోనే పెన్సిల్‌తో స్విచ్ మీటను నొక్కాను. ఠక్కున ఆగి, కాస్త వెనక్కి వచ్చి, రెండోసారి మెల్లగా తాకడానికి వెళ్లింది. ఆ తర్వాతే కొస దాకా పోనిచ్చాం.

పాడైన తలుపును తండ్రి వదల్లేదు. జరిగిన పద్మాన్ని ఉలితో తీసేసి, అక్కడో టేకు ముక్క అతికి, రెండు రాత్రులు కూర్చుని చేత్తో చెక్కాడు. గృహప్రవేశానికి ఆ తలుపే వెళ్లింది. పనికుర్రాడు ఇప్పుడు రోజూ పొద్దున మిషన్ ఆన్ చేయగానే, పొట్టు ఊడ్చేకన్నా ముందు, స్విచ్‌లన్నీ పెన్సిల్‌తో ఒక్కొక్కటే నొక్కి తెర చూస్తున్నాడు.