తొలకరి, థంబ్‌నెయిల్

జూన్‌లో పదునైన వాన ఒకటి పడిందంటే అనంతపురం పల్లెల్లో రెండు పనులు మొదలవుతాయి. ఒకటి చెనక్కాయ విత్తడం, రెండోది వజ్రాల కోసం వెతకడం. మొదటి పని యూట్యూబ్‌కు పట్టదు. రెండో పనికి మాత్రం మబ్బు పట్టీ పట్టకముందే కెమెరాలు దిగుతాయి. వజ్రకరూరు నుంచి కర్నూలు జిల్లాలోని తుగ్గలి, జొన్నగిరి దాకా చేలల్లో వంగిన నడుములెన్నో, వాటి మీదికి వంగిన సెల్‌ఫోన్లూ అన్ని.

వజ్రం దొరికిన వార్త రాయడానికి విలేఖరి అక్కర్లేదు. పాత వార్తలో తేదీ మారిస్తే చాలు. అందులో ‘ఒక కూలీ’ ఉంటాడు, పేరుండదు. ‘ఒక వ్యాపారి’ ఉంటాడు, ఊరుంటే పేరుండదు, పేరుంటే ఊరుండదు. రాయిని కళ్లారా చూసినవాళ్లు ఎవరూ ఉండరు. ధర మాత్రం తులాల బంగారంతో సహా లెక్కగా ఉంటుంది. 2019లో కర్నూలు జిల్లా రైతుకు దొరికిన రాయి విలువ 60 లక్షలనీ, చేతికొచ్చింది 13.5 లక్షల రూపాయలూ 5 తులాల బంగారమూ అనీ పత్రికలు రాశాయి. 60 లక్షలని విలువ కట్టిందెవరు? తెలిసుంటే రైతు ఆ ధరకు అమ్మడు, తెలిసినా వ్యాపారి నోరు విప్పడు. మా అనుమానమల్లా రచ్చకట్ట మీదే. విలువ కట్టడంలో దాన్ని మించిన సంస్థ మన దగ్గర ఇంకొకటి లేదు.

రచ్చకట్ట మీది మాట మరుసటి ఏడుకు మరుగున పడేది. ఫోన్‌లోకి ఎక్కిన మాటకు చావు లేదు. నిరుడు దొరికిన వజ్రమే ఈ ఏడూ దొరుకుతుంది, పక్క మండలంలో, ఇంకో అరకోటి పెరిగి. వీడియో మొహాన నోరు తెరిచిన మనిషి, ఎర్ర బాణం, బాణం కొసన ఎర్రమట్టిలో ధగధగలాడే వజ్రం. అక్కడే వచ్చింది చిక్కు. ఆ బొమ్మలోది కోసి, పలకలు దిద్ది, సానబట్టిన నగల దుకాణపు వజ్రం. మట్టిలో దొరికే ముడి వజ్రం ఎట్లుంటుందంటే, ఎవరో పారేసిన పటికబెల్లం ముక్కలా ఉంటుంది. అంటే ఆ వీడియో చూసి ఎక్కడెక్కడి నుంచో బస్సెక్కి వచ్చినాయన, చెప్పు కింది అసలు రాయిని దాటుకుంటూ, లేని నగ కోసం పొద్దంతా వెతుకుతాడన్న మాట. ఏఐ వచ్చాక ఈ బొమ్మలు మరీ ముద్దొస్తున్నాయి. వజ్రం పట్టుకున్న రైతు చేతికి ఆరు వేళ్లున్నా అడిగేవాడు లేడు.

దొరికిన రాయిని ఫోటో తీసి చాట్‌బాట్‌ను అడిగితే సరిపోదా అనవచ్చు. అడగండి. ఇది స్ఫటికం కావచ్చు, వజ్రమూ కావచ్చు, నిపుణుణ్ని సంప్రదించండి అంటుంది. మన జోస్యులూ తరతరాలుగా చెబుతున్నది ఇదే. కాకపోతే వారు దక్షిణ ఒక్కసారే పుచ్చుకుంటారు, ఇది నెలనెలా పుచ్చుకుంటుంది.

కథంతా కల్పనే అనుకుంటే పొరపాటు. వజ్రకరూరు నేలకింద కింబర్లైట్ అనే శిల గొట్టాలున్నాయి. వంద కోట్ల ఏళ్లకు పూర్వమే, భూమి లోపల నూటయాభై కిలోమీటర్లకు తక్కువ కాని లోతులో పుట్టిన వజ్రాలను ఈ శిల తనతో పాటు పైకి తన్నుకొచ్చింది. తర్వాత ఎండా వానా ఆ శిలను అరగదీశాయి, వాగులు గులకరాళ్లతో పాటు వజ్రాలనూ చేలకు పంచాయి. వాన పడితే పైమట్టి కొట్టుకుపోయి రాయి తేలుతుంది. తొలకరికీ వజ్రానికీ ఉన్న చుట్టరికం ఇంతే. వజ్రాలు ఉరుముకు పుడతాయన్న మాటకు మాత్రం భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ ఇంతవరకు ఒప్పుకోలేదు.

రాళ్లు వెతికేవాళ్లకు ఈ నేల ఒక్కోసారి ఇంకేదో చూపిస్తుంది. గుత్తి, పత్తికొండ మధ్యనున్న ఎర్రగుడి గుట్ట మీద అశోకుడి శాసనాలు 1929లో ఒక భూగర్భ శాస్త్రవేత్త కంటపడ్డాయి. ఒకే సందేశాన్ని దేశమంతటా బండబండకూ పంపిన చక్రవర్తి ఆయన. ఫార్వర్డ్‌లకు మూలపురుషుడంటే తప్పులేదు. కాకపోతే ఆయన సందేశం జీవహింస మానమనీ, అమ్మానాన్నల మాట వినమనీ. పదిమందికి పంపకపోతే కీడు జరుగుతుందని బెదిరించలేదు. పైగా ఎర్రగుడి లేఖకుడు కొన్ని వరుసల్ని ఎడమ నుంచి కుడికీ, కొన్నిటిని కుడి నుంచి ఎడమకూ చెక్కాడు. మడక తిప్పినట్లు తిప్పి రాసిన ఆ మనిషి మా వైపు సేద్యగాడే అయ్యుంటాడని మాకో నమ్మకం. సాక్ష్యం అడగకండి.

చిత్రమైన వార్తలకు ఈ సీమలో కరువు లేదు. పెనుకొండ దగ్గరి కియా కార్ల ఫ్యాక్టరీలో అయిదేళ్లలో 900 దాకా ఇంజన్లు మాయమయ్యాయని 2025 మార్చిలో పోలీసులకు ఫిర్యాదు అందింది. ఇంజనంటే కొంగున ముడేసుకుని పోయే వస్తువు కాదు, మోయడానికి మనుషులూ బండ్లూ కావాలి. అన్ని ఇనప ముద్దలు గేటు దాటిపోతుంటే అయిదేళ్లు పట్టనివాళ్లున్న చోటనే, చేలో గాజుపెంకు మెరిస్తే గంటలో నాలుగు చానెళ్లు వాలుతాయి.

ఈ వేటను మూఢత్వమని కొట్టిపారేసే పట్నపు వ్యాసాలు ఏటా వస్తాయి. మాకు అవి రుచించవు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన రాసిపెట్టిన సీమ ఇది. దాంట్లోనూ సగం వేళకు రాదు. చెనక్కాయ వేయాలంటే విత్తనం కొనాలి, ఎరువు కొనాలి, అప్పు తేవాలి, ఊడలు దిగే వేళకు వాన రావాలి, వచ్చాక ధర ఉండాలి. సింగమనేని నారాయణ తన కథల సంపుటికి ‘జూదం’ అని ఊరకే పేరు పెట్టలేదు. 2016 ఆగస్టులో ప్రభుత్వం రెయిన్‌గన్లు పట్టుకొచ్చి ఎండే చేను మీద నీళ్లు చిమ్మించింది. ఆ పందెంలో సర్కారూ ఒక చెయ్యి వేసిందన్నమాట. వీటన్నిటి పక్కన పెట్టి చూడండి, వజ్రాల వేటకు పెట్టుబడి ఒక సద్దిమూట, బస్సు చార్జీ. పోతే ఒక పగలు పోతుంది, బ్యాంకు నోటీసు రాదు. రెండు జూదాల్లో ఏది తెలివైనదో లెక్కల మాస్టారు చెప్పనీ.

నష్టపోయేది ఇంకొకాయన ఉన్నాడు, ఆ చేను గలాయన. దున్ని సిద్ధం చేసుకున్న నేలను వందమంది తొక్కిపోతే ఆయనేం చేయాలి? పొలంలోకి రావద్దని బోర్డులు పెట్టుకున్న రైతులున్నారు. బోర్డు పెట్టారంటే లోపల ఏదో ఉందనేగా అని ఒక చానెలాయన దాన్నీ వీడియో తీయకుండా ఉంటాడా?

ఇంత హడావుడిలోనూ చానెల్ పెట్టనివాడు ఒక్కడే, వజ్రం కొనే వ్యాపారి. సెల్ఫీ దిగడు, లైక్ చేయండి షేర్ చేయండి అనడు, ఏ రాయి ఎంతకు కొన్నదీ ఎంతకు అమ్మిందీ బయట పెట్టడు. వచ్చే సంచికకు ఆయనతో ముఖాముఖి వేయాలని మా కోరిక. ఒప్పుకోడని తెలుసు. ఒప్పుకుంటే మాత్రం మొదటి ప్రశ్న తయారుగా ఉంది: అయ్యా, ఆ తులాల లెక్క ఎక్కడి నుంచి వచ్చింది?