చేపల కంపు అనే ముందు

"మైపాడులో ఏముండాది, చేపల కంపు తప్ప? రెండు రోజులు హాయిగా గడపాలంటే పాండిచ్చేరి పోవాల." ఈ మధ్య నెల్లూరులో ఒక పెళ్ళింట్లో కొత్త జంటకు ఓ పెద్దాయన చెప్పిన మాట ఇది. చుట్టూ ఉన్నవాళ్ళంతా తలలూపారు. నెల్లూరు పక్కనే ఉన్న మైపాడు తీరాన్ని అంత మాట అన్నందుకు నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఇంకా మండుతూనే ఉంది.

అన్నది ఎవరో పొరుగూరి మనిషి కాదు. ఎక్కడికి పోయినా మా నెల్లూరు చేపల పులుసు అని రొమ్ము విరుచుకునే మనిషే. మామిడికాయ ముక్కలేసి రాత్రి కాచి మర్నాడు తింటేనే రుచి అని అందరికీ చెప్పే మనిషే. చేప కంచంలోకి వస్తే గొప్ప, అది ఒడ్డుకు చేరే చోటు మాత్రం కంపా? ఆ మాట పడేది సముద్రం మీద కాదు, చేపలు పట్టేవాళ్ళుండే పట్టపుపాళేల మీద. తెల్లారకముందే అలలకెదురుగా పడవ తోసేవాళ్ళ మీద, ఎండెక్కేదాకా వల దులిపి చేపలు ఏరేవాళ్ళ మీద, తట్ట నెత్తికెత్తుకుని ఊళ్ళ వెంట తిరిగే ఆడవాళ్ళ మీద. వీళ్ళెవరూ కంటబడకుండా ఉంటేనే తీరం అందంగా ఉంటుందని మనలో చాలామంది నమ్ముతున్నారు. నా తగువంతా ఆ నమ్మకంతోనే.

నిజంగా ముక్కు మూసుకోవాల్సిన చోటు వేరే ఉంది. ఇందుకూరుపేట దాటి తీరం వైపు పోతుంటే కనపడే రొయ్యల గుంటల మురుగు కాలవల్లో పడేచోట ఒకసారి బండి ఆపండి. పాత పద్ధతిలో నడిచేవి తప్ప, తీరానికి 500 మీటర్ల లోపున్న గుంటల్ని తీసేయాలని సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో తీర్పు చెప్పింది. 2005లో పార్లమెంటు తెచ్చిన తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం ఆ తీర్పు కోరలు పీకేసింది. పెళ్ళింట్లో ఈ కంపు ఊసెత్తినవాళ్ళు ఒక్కరూ లేరు. గుంటలు ఉన్నవాళ్ళ చుట్టాలు అక్కడే కూర్చుని ఉన్నారు మరి!

ఇక పాండిచ్చేరి. నెల్లూరు నుంచి మూడు వందల కిలోమీటర్ల పైమాట. మద్రాసు ట్రాఫిక్ దాటి చేరేసరికి రెండు రోజుల సెలవులో సగం రోడ్డు మీదే అయిపోతుంది. తీరా పోయి చూసేదేమిటి? ఊరి ముందున్న ఒడ్డులో చాలా మేర ఇసుకే లేకుండా పోయింది. 1980ల చివర్లో ఊరికి దక్షిణంగా రేవు కోసం సముద్రంలోకి రాతిగోడలు కట్టారు. తూర్పు తీరం వెంబడి ఏటా దక్షిణం నుంచి ఉత్తరానికి కదిలే ఇసుకకు అవి అడ్డం పడ్డాయి. కొత్త ఇసుక అందని ఒడ్డును అలలు కోసేశాయి. మిగిలిన గట్టు నిలవడానికి బండలు దొర్లించారు. ఇంటి పక్కన మైళ్ళ కొద్దీ ఇసుక పెట్టుకుని, మనం పోయి ఆ బండల ముందు ఫోటోలు దిగుతున్నాం. కృష్ణపట్నంలో గోడలు కట్టేసి, ఇప్పుడు రామాయపట్నంలో రేవు కడుతున్న మనకు ఈ సంగతి ఇంకా బాగా తెలిసుండాలి. 

పసుపు గోడల ఫ్రెంచి వీధుల్లో చరిత్ర ఉందంటారు. పాత నెల్లూరు జిల్లాలోని దుగరాజపట్నం సంగతేమిటి? 1626 ప్రాంతంలో ఇంగ్లీషు కంపెనీ అక్కడ వర్తకశాల పెట్టి ఫిరంగులు నిలిపింది. వాళ్ళ కాగితాల్లో దాని పేరు ఆర్మగాన్. అక్కడ అధికారిగా ఉన్న ఫ్రాన్సిస్ డే, వ్యాపారం సాగక 1639లో దక్షిణంగా ఇంకో చోటు సంపాదించాడు. అదే మద్రాసు అయింది. ఈ కథ మన పిల్లలకు ఎవరు చెప్పారు?

ఇంకో రకం మనుషులున్నారు, మైపాడును మినీ గోవా చేసేస్తామనేవాళ్ళు. వీళ్ళు మొదటి రకం కన్నా ప్రమాదం. రిసార్టు ప్రహరీ లేచిన రోజున ముందు పడవలు పెట్టుకునే చోటు పోతుంది, తర్వాత ఊరికే ఆ ఇసుకలో కూర్చునే హక్కు మనకూ పోతుంది. రాత్రికి వేలు పోసే జంటకే ఇక సముద్రం. ఇద్దరూ ఉద్యోగాలు చేసుకుంటూ, ఇరుకింట్లో అత్తమామల మధ్య, ఒక్క పూట మనసు విప్పి మాట్లాడుకోవడానికి చోటు దొరకని ఆలుమగలు ఎక్కడికి పోవాలి? నాకు ముఖ్యం వాళ్ళే.

సౌకర్యాలు లేవంటారు. లేవు, గట్టిగా అడుగుదాం. సముద్రం ప్రమాదమంటారు. నిజమే, అక్కడ మునిగిపోయినవాళ్ళ వార్తలు చదువుతూనే ఉన్నాం. ఒడ్డున కూర్చోండి, లోపలికి దిగకండి.

నెల్లూరులో బస చేసి చీకటితోనే మైపాడుకు బయల్దేరండి. సూర్యుడు నీళ్ళలోంచే లేస్తాడు, ఆ తర్వాత పడవలొస్తాయి. అక్కడే చేపలు బేరమాడండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకు వేట నిషేధం కాబట్టి ఆ రోజుల్లో ఒడ్డున వలలు బాగుచేసుకునేవాళ్ళతో తీరిగ్గా మాట్లాడొచ్చు. కోడూరులో వేళాంకణి మాత గుడి ఉంది, రామతీర్థంలో రామలింగేశ్వరుడున్నాడు. చలికాలమైతే పులికాట్‌లో ఫ్లెమింగోలు, నేలపట్టులో గూడబాతులు.

ప్రభుత్వం చేయాల్సింది గోవా కాదు. శుభ్రమైన మరుగుదొడ్లు, ఒడ్డున కాపలాకు గజ ఈతగాళ్ళు, చీకటి పడ్డాక నెల్లూరుకు ఇంకో బస్సు, ఇద్దరు కలిసి కూర్చుంటే మీరేమవుతారని నిలదీయని పోలీసులు. పాళెం ఆడవాళ్ళు వండి అమ్ముకోవడానికి నాలుగు పాకలు. అవి ఎక్కడ వేస్తే పడవలకు అడ్డం రావో, ముందుగా పాళెం వాళ్ళనే అడగాలి.